వాల్మింగ్టన్ తీరపు వృద్ధ సేన: ‘డాడ్స్ ఆర్మీ’పై ఒక సమీక్ష

బ్రిటిష్ టెలివిజన్‌లో పాత హాస్య ధారావాహికలకు నేటికీ తరగని ఆదరణను చాలామంది గతకాలపు మోజుగా కొట్టిపారేస్తారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. అయితే బీబీసీ 1968 నుంచి 1977 వరకు 9 సిరీస్‌లుగా, మొత్తం 80 భాగాలుగా ప్రసారం చేసిన ‘డాడ్స్ ఆర్మీ’ని మొదటినుంచి వరుసగా చూసినవారికి ఆ వివరణ చాలదనిపిస్తుంది. కాలం గడిచి పాతబడినందువల్ల ఈ ధారావాహిక జ్ఞాపకంగా మారలేదు, పుట్టిన రోజునే ఇది జ్ఞాపకం. తొలి ప్రేక్షకులు సైతం దీనిని గడిచిపోయిన కాలపు కథగానే చూశారు.

నేపథ్యం రెండో ప్రపంచ యుద్ధ కాలం, 1940 నాటిది. ఆ ఏడాది మే 14న యుద్ధ వ్యవహారాల మంత్రి ఆంథొనీ ఈడెన్ రేడియోలో ఇచ్చిన పిలుపు మేరకు, సైన్యంలో చేరే వయసు దాటినవారు, ఇంకా ఆ వయసు రానివారు, వృత్తిరీత్యా మినహాయింపు పొందినవారు స్థానిక రక్షణ దళాలుగా ఏర్పడ్డారు. తరువాత వాటికే హోమ్ గార్డ్ అనే పేరు స్థిరపడింది. రచయితల్లో ఒకరైన జిమ్మీ పెర్రీ కుర్రతనంలో ఆ దళంలో స్వయంగా పనిచేశాడు. ఆయన అనుభవానికి డేవిడ్ క్రాఫ్ట్ నిర్మాణ నైపుణ్యం తోడై, ఇంగ్లండ్ దక్షిణ తీరాన వాల్మింగ్టన్ అనే కల్పిత పట్టణం వెలిసింది. అక్కడి బ్యాంకు మేనేజరు మానరింగ్ తనను తానే కెప్టెన్‌గా నియమించుకుంటాడు. బ్యాంకు గుమాస్తాలు, మాంసం దుకాణదారు, శవపేటికల వ్యాపారి, రేషన్ సరుకుల్ని దొంగచాటుగా అమ్ముకునే యువకుడు, ఉద్యోగ విరమణ చేసిన ఒక మెతక వృద్ధుడు ఆయన సైనికులు.

తొలి భాగం యుద్ధకాలంలో మొదలుకాదు. అది 1968లో, వయసు మీరిన ఆ మనుషులందరూ హాజరైన ఒక విందులో, మానరింగ్ ఉపన్యాసంతో మొదలై వెనక్కి వెళుతుంది. యుద్ధకాలపు పాటగా అనేకులు నేటికీ భ్రమపడే శీర్షిక గీతాన్ని కూడా పెర్రీ ఈ ధారావాహిక కోసమే కొత్తగా రాసి, ఆ కాలపు గాయకుడు బడ్ ఫ్లానగన్ చేతనే పాడించాడు. ఆ గొంతు విన్నప్పుడు ఎన్నడూ లేని పాట ఒకటి జ్ఞాపకం వస్తుంది. గతం మీది మమకారాన్ని ఇంత ఒడుపుగా తయారుచేసి అందించడాన్ని మోసమని అనవచ్చు. నా దృష్టిలో అది నిజాయితీగల మోసం, ఎందుకంటే లోపలి కథ ఆ గతాన్ని ఎక్కడా పొగడదు. తుపాకులు లేని సైన్యం, ఆదేశాలు అర్థంకాని సిపాయిలు, పెద్దరికం కోసం కీచులాడుకునే పెద్దమనుషులు, ఇదీ అది చూపించే 1940.

ఈ నిర్మాణానికి ఆయువుపట్టు మానరింగ్‌కూ ఆయన సార్జెంటు విల్సన్‌కూ మధ్య నడిచే వ్యవహారం. సైన్యపు కథల్లో మామూలుగా అధికారి సంపన్న కుటుంబీకుడై ఉంటాడు, సార్జెంటు మోటు మనిషై ఉంటాడు. ఇక్కడ రచయితలు దాన్ని తారుమారు చేశారు. విల్సన్ పెద్దింటి బిడ్డ, ఖరీదైన పాఠశాలలో చదివినవాడు, బ్యాంకులోనూ దళంలోనూ మాత్రం మానరింగ్ కింద పనిచేసేవాడు. మానరింగ్ సాధారణ కుటుంబం నుంచి ఒక్కొక్క మెట్టూ ఎక్కి మేనేజరైనవాడు. అందువల్ల విల్సన్ మెత్తని గొంతుతో ‘అది తెలివైన పనేనంటారా, సర్?’ అని అడిగిన ప్రతిసారీ మానరింగ్‌కు తన పుట్టుక గుర్తుకొస్తుంది. 1973 నాటి ఒక భాగంలో బంధువు మరణంతో విల్సన్ పేరుకు ముందు ఒక గౌరవ బిరుదు చేరుతుంది, అంతకాలం మానరింగ్‌ను దగ్గరికి రానివ్వని గోల్ఫ్ క్లబ్బు విల్సన్‌కు తలుపులు తెరుస్తుంది. మానరింగ్ పాత్రధారి ఆర్థర్ లోవ్ ముఖంలో అసూయ, అవమానం, వాటిని కప్పిపుచ్చుకునే హుందాతనం ఒకదాని వెనుక ఒకటి కదలాడే ఆ కొద్ది క్షణాలు బ్రిటిష్ వర్గ వ్యవస్థ గురించి ఒక పెద్ద వ్యాసం చెప్పగలిగినంత చెబుతాయి.

అలాగని విల్సన్ గెలుస్తాడా అంటే అదీ లేదు. 1970 నాటి మరో భాగంలో అతనికి పక్క ఊరి శాఖ మేనేజరుగా పదోన్నతి వస్తుంది, ఎన్నేళ్లుగానో ఎదురుచూసిన కుర్చీలో కూర్చున్నాడో లేదో ఆ శాఖ బాంబు దాడిలో నాశనమవుతుంది. విల్సన్ పాత్రధారి జాన్ లె మెజరర్ ఆ ఓటమిని ఒక చిన్న నిట్టూర్పుతో సరిపెడతాడు. ఈ హాస్యంలో నవ్వు ఎక్కడ ఆగి దిగులు ఎక్కడ మొదలవుతుందో చెప్పడం కష్టం, చెప్పవలసిన అవసరమూ లేదు.

అన్ని భాగాలలో ఒక్కదాన్నే ఎంచుకోమంటే నేను 1969 నాటి ‘బ్రాండెడ్’ను ఎంచుకుంటాను. దళంలోని మెతక వృద్ధుడు గాడ్‌ఫ్రీ, మొదటి ప్రపంచ యుద్ధంలో తాను మనస్సాక్షి కారణంగా ఆయుధం పట్టడానికి నిరాకరించానని చెబుతాడు. తోటివారందరూ అతన్ని వెలివేసినట్లు చూస్తారు. పొగ నిండిన గుడిసెలో చిక్కుకున్న మానరింగ్‌ను రక్షించేది ఆ వృద్ధుడే. అతని గది గోడ మీద ఉన్న ఫోటో వల్ల, అతని చెల్లెలి మాటల వల్ల, గాయపడిన సైనికులను గుళ్లవానలో మోసినందుకు అతనికి శౌర్య పతకం వచ్చిందని ఆ తరువాత తెలుస్తుంది. ఈ పాత్ర పోషించిన ఆర్నాల్డ్ రిడ్లీ 1916లో సోమ్ యుద్ధంలో నిజంగా గాయపడిన సైనికుడు, ధారావాహిక మొదలయ్యేనాటికి ఆయన వయసు 72. ఆ సంగతి తెలియకపోయినా సన్నివేశం నిలుస్తుంది, తెలిస్తే మాత్రం మంచంలో కూర్చుని సంకోచంగా మాట్లాడుతున్న ఆ మనిషిని చూసే తీరు మారిపోతుంది. (డెబ్బై ఏళ్ల మాంసం దుకాణదారు జోన్స్‌గా తడబడే క్లైవ్ డన్‌కు అప్పుడు 48 ఏళ్లే అన్నది మరో వింత.)

అందరూ ఉదహరించే దృశ్యం మాత్రం వేరు. 1973 నాటి ‘ది డెడ్లీ అటాచ్‌మెంట్’లో పట్టుబడిన జర్మన్ జలాంతర్గామి కెప్టెన్, యుద్ధం గెలిచాక లెక్క తేల్చడానికి తనను అవమానించినవారి పేర్లను ఒక పుస్తకంలో రాసుకుంటుంటాడు. హిట్లర్‌ను వెక్కిరిస్తూ పాడిన కుర్రవాడి పేరేమిటని అతను అడగగానే, మానరింగ్ ఆ కుర్రవాణ్ణి కాపాడాలనే ఆత్రంతో ‘అతనికి చెప్పకు, పైక్!’ అని ఆ పేరును తానే బయటపెట్టేస్తాడు. ఈ మాట ఒంటరిగా చదివితే ఒక చిన్న పొరపాటు. దాని వెనుక చాలాసేపటినుంచి పేరుకున్న భయం, పౌరుషం, కెప్టెన్‌గా తన మనుషుల మీద అతనికున్న నిజమైన మమకారం ఉన్నాయి. మానరింగ్ ఆడంబరుడు, అల్పుడు, మొదటి యుద్ధం ముగిశాక 1919లో ఫ్రాన్సు చేరినవాడు. అయినా శత్రువు నిజంగా తీరం దిగితే మొదట ఎదురు నిలిచేది అతనేనని ప్రేక్షకుడికి ఒక్క క్షణం కూడా సందేహం రాదు. నవ్వబడుతున్న మనిషి మీద గౌరవం సడలకపోవడమే ఈ రచన సాధించిన అసలు విజయం.

ఈ బాటలోనే నడిచిన మిగిలిన ధారావాహికలను దీని పక్కన పెట్టి పోల్చి చూస్తే ఆకర్షణ రహస్యం ఇంకొంత తేటపడుతుంది. 1975లోనూ 1979లోనూ కలిపి కేవలం 12 భాగాలుగా వచ్చిన ‘ఫాల్టీ టవర్స్’లో టార్కీ పట్టణపు హోటలు యజమాని బాసిల్ తన హోటలునుంచీ, తన స్వభావంనుంచీ ఏనాడూ తప్పించుకోలేడు. 1981లో ప్రారంభమైన ‘ఓన్లీ ఫూల్స్ అండ్ హార్సెస్’లో పెకమ్ వీధుల చిల్లర వ్యాపారి డెల్ బాయ్ తన తమ్ముడితో కలిసి వచ్చే ఏడాదికి లక్షాధికారులమవుతామని కలలు కంటూనే ఉంటాడు. 1996 క్రిస్మస్ భాగంలో పాత గడియారం ఒకటి వేలంలో 60 లక్షల పౌండ్లకు పైగా పలికి అన్నదమ్ములు నిజంగానే ధనవంతులైనప్పుడు 2.43 కోట్ల మంది చూశారు. కథ అక్కడితో పూర్తయింది కూడా. 2001లో మళ్లీ కొనసాగించడానికి రచయిత జాన్ సల్లివన్ ముందుగా వారి సంపదను హరించవలసి వచ్చింది. గెలిచిన మనిషితో ఈ తరహా హాస్యానికి పని లేదు. ప్రతి వారం అదే గదిలో, అదే కోరికతో, అదే ఓటమికి చేరుకునే మనుషులను చూడటంలో ఒక వింత ఊరట ఉంది. మనకంటే ఘనులు కానివారు ఓడిపోయి కూడా మరుసటి వారం తలెత్తుకుని వస్తారు.

రూపం విషయానికొస్తే, ఒక్కొక్క భాగం అరగంట. లోపలి దృశ్యాలను స్టూడియోలో ప్రేక్షకుల ఎదుట వీడియో మీద, బయటి దృశ్యాలను నార్ఫక్‌లోని థెట్‌ఫర్డ్ పరిసరాల్లో ఫిల్మ్ మీద చిత్రీకరించారు. తలుపు దాటగానే బొమ్మ రంగు, వెలుగు మారిపోవడం మొదట కంటికి అడ్డుపడుతుంది. నవ్వులు నటులు ఆగి ఎదురుచూసే నిజమైన మనుషుల నవ్వులు కనుక విసుగు పుట్టించవు. ప్రాంతీయ యాసల వల్ల కొన్ని మాటలు చేజారతాయి, అక్షరాలు తెర మీద పెట్టుకుని చూడటం మేలు.

లోపాలు చిన్నవి కావు. స్త్రీ పాత్రలకు ఇక్కడ దాదాపు చోటు లేదు. మానరింగ్ భార్య ముఖం ఒక్కసారీ కనిపించదు, మొదట్లో అది నవ్విస్తుంది, తరువాత రచయితలకు అనువైన దారిగా మాత్రమే తోస్తుంది. జోన్స్ ‘కంగారుపడకండి’ అనీ, శవపేటికల వ్యాపారి ఫ్రేజర్ ‘మన పని అయిపోయింది’ అనీ ప్రతి భాగంలో పలికే ఊతపదాలు వారానికొకసారి వినడానికి రాసినవి, ఒకే రోజున నాలుగు భాగాలు చూస్తే అవి మొద్దుబారతాయి. రేషన్ సరుకుల్ని దొంగచాటుగా అమ్మే వాకర్ పాత్రధారి జేమ్స్ బెక్ 1973లో అకాల మరణం పాలయ్యాక దళంలోని చురుకుదనం తగ్గింది, చివరి సిరీస్‌లు మంచి నటుల అలవాటు మీద నడిచాయి.

ఇదే ఇద్దరు రచయితలు 1974లో దేవలాలీ సైనిక శిబిరం నేపథ్యంగా మొదలుపెట్టిన ‘ఇట్ ఏంట్ హాఫ్ హాట్ మమ్’ను చూస్తే ఈ మమకారపు మరో ముఖం కనబడుతుంది. అందులో భారతీయ సేవకుడు రంగీ రామ్‌గా మైకేల్ బేట్స్ అనే శ్వేతజాతి నటుడు ముఖానికి రంగు పూసుకుని నటించాడు. ఆయన హిందుస్తానీ బాగా మాట్లాడేవాడన్న సమర్థన ఉంది, అది నాకు చాలదు. వాల్మింగ్టన్‌లో తమ సొంత మనుషుల అల్పత్వాన్ని అంత సూక్ష్మంగా పట్టుకున్న కలమే మరొకరి దేశంలో అడుగుపెట్టేసరికి సులువైన బొమ్మలతో తృప్తిపడింది. అందుచేత ‘ఆ కాలపు బ్రిటిష్ హాస్యం’ అని గుత్తగా మెచ్చుకోవడం కన్నా, ఒక్కొక్కదాన్ని విడివిడిగా తూచడమే న్యాయం.

కొనదలచినవారికి, చూడదలచినవారికి ఒక సూచన. మొదటి రెండు సిరీస్‌లు నలుపు తెలుపులో ఉన్నాయి, వాడిన టేపులనే చెరిపి మళ్లీ వాడుకునే అప్పటి పద్ధతి వల్ల రెండో సిరీస్‌లోని మూడు భాగాల అసలు చిత్రం పోయింది. 2019లో కొత్త నటులతో వాటిని తిరిగి చిత్రీకరించారు, ఆ ప్రయత్నం శ్రద్ధగలదే కాని పాత ముఖాలకు అలవాటుపడ్డ కన్ను దానిని అంగీకరించడానికి సమయం తీసుకుంటుంది. రంగుల్లోకి వచ్చిన మూడో సిరీస్‌తో మొదలుపెట్టి ఆరో సిరీస్ వరకు వెళ్లి, పాత్రల మీద ఇష్టం కుదిరాక తొలి రెండింటికి తిరిగి రావడం మంచి క్రమం. ఏడో సిరీస్ నుంచి ఎంచుకుని చూస్తే చాలు, అయితే 1977 నవంబరులో ప్రసారమైన ఆఖరి భాగాన్ని మాత్రం వదలకూడదు.