అమెరికా మిషనుకు ట్రాన్స్‌ఫార్మర్ కొంటున్నారా? ముందు హెర్ట్జ్ చూడండి

మేము నల్లగొండలో ఉంటాం. నాన్న ముప్పై ఏళ్లు మిర్యాలగూడ రైస్‌మిల్లులో పనిచేశారు. ఇప్పుడు ఊపిరితిత్తులు పాడయ్యాయి, రాత్రిపూట ఆక్సిజన్ పెట్టాలని డాక్టరు చెప్పారు. సిలిండర్లు మోయలేక అవస్థ పడుతున్నామని డాలస్‌లో ఉన్న తమ్ముడు వస్తూ వస్తూ గదిలోని గాలి నుంచే ఆక్సిజన్ వేరు చేసి ఇచ్చే మిషను, ఆక్సిజన్ కాన్సంట్రేటర్ తెచ్చాడు. వెనక అతికించిన చీటీ మీద 115 వోల్టులు, 60 హెర్ట్జ్, 350 వాట్లు అని ఉంది. హెర్ట్జ్ అంటే కరెంటు అల సెకనుకు ఎన్నిసార్లు వస్తుందో చెప్పే లెక్క. మన కరెంటు 230 వోల్టులు. దాన్ని తగ్గించే పెట్టె కొనడానికి పట్టణంలోని ఒక దుకాణానికి వెళ్లాను.

మిషను ఏమిటో, ఎవరికో అంతా చెప్పాను. ఆయన అరచేతిలో పట్టేంత పెట్టె ఇచ్చి, "అక్కా, ఇది 1500 వాట్లది, మీ మిషను 350 మాత్రమే. దేనికైనా పనికొస్తుంది" అన్నారు. చేతిలోకి తీసుకుంటే టిఫిన్ డబ్బా అంత బరువు కూడా లేదు. అనుమానం అప్పుడే రావలసింది.

ఆ రాత్రి నాన్నకు గొట్టం పెట్టి మిషను వేశాం. మామూలుగా వచ్చే చప్పుడు కాకుండా గరగరమని మూలిగింది. పది నిమిషాలకు కాలిన వార్నిష్ వాసన వచ్చింది. పెట్టె మీద చెయ్యి పెట్టలేకపోయాను. వెంటనే ప్లగ్గు పీకి, మూలన ఉన్న పాత సిలిండరు తెరిచాం. అది కూడా అయిపోయి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

తర్వాత తెలిసింది, అలాంటి తేలికపాటి కన్వర్టర్లు జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరుకు, ఇస్త్రీపెట్టెకు చేసినవట. అవి కరెంటు అలను ముక్కలుగా కోసి సగటు వోల్టేజిని తగ్గిస్తాయి. వేడి తీగ దాన్ని తట్టుకుంటుంది కానీ మోటారు, ఎలక్ట్రానిక్ బోర్డు తట్టుకోలేవు. మోటారున్న వస్తువుకు ఇనుప రేకుల మీద రాగి తీగ చుట్టిన అసలు ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. దాన్ని ఎత్తితేనే బరువు తెలుస్తుంది.

మర్నాడు అదే దుకాణంలో ఇంకా డబ్బు కట్టి అలాంటిదే తెచ్చాను. ఎలక్ట్రీషియన్ మల్టీమీటరు పెట్టి చూస్తే 112 వోల్టులు వచ్చాయి. హమ్మయ్య అనుకున్నాం. అరగంట గడిచేసరికి ఆక్సిజన్ శాతం తగ్గిందని పసుపు దీపం వెలిగింది, మిషను వీపు కాలిపోతోంది. ఎలక్ట్రీషియన్ వెనక చీటీ చదివి, "అక్కా, ఇది 60 హెర్ట్జ్ మోటారు, మన దగ్గర వచ్చేది 50" అన్నాడు.

ఈ ఒక్క మాట దుకాణంలో ఎవరూ చెప్పలేదు. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజిని మారుస్తుంది, హెర్ట్జ్‌ను మార్చదు. 60కి చేసిన ఇలాంటి మోటారు 50 మీద దాదాపు ఆరింట అయిదు వంతుల వేగంతోనే తిరుగుతుంది. గాలి తక్కువ లాగుతుంది, వేడి ఎక్కువ పుడుతుంది. ఊపిరి ఆడని మనిషి పక్కన పెట్టుకునే మిషను అలా నడిస్తే ఎంత ప్రమాదమో చెప్పనక్కర లేదు. హెర్ట్జ్ కూడా మార్చే పరికరాలు వేరే ఉన్నాయి, వాటి ధర చాలా ఎక్కువ.

మా వైపు ఇంకో చిక్కు కూడా ఉంది. మా ఇల్లు ఊరి చివర. నాట్ల కాలంలో బోర్లన్నీ ఒకేసారి నడిస్తే వోల్టేజి 190కి పడిపోతుంది, అర్ధరాత్రి 250కి ఎక్కుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ స్టెబిలైజర్ కాదు, వచ్చినదాన్ని అదే పాళ్లలో తగ్గిస్తుంది. 230కి 110 ఇచ్చేది 190కి 91, 250కి 120 ఇస్తుంది. ముందు స్టెబిలైజర్ లేకుండా అలాంటి ఇళ్లలో పెట్టకండి. చవకగా వస్తుందని ఆటో ట్రాన్స్‌ఫార్మర్ కొనేవాళ్లు కూడా ఆలోచించండి. అందులో కరెంటు వచ్చే వైపుకూ, మిషనుకు వెళ్లే వైపుకూ ఒకే రాగి తీగ చుట్టు ఉంటుంది. ఆ చుట్టులో ఉమ్మడిగా ఉన్న భాగం తెగితే 230 వోల్టులూ నేరుగా మిషనులోకి వెళ్లవచ్చు. వేరు వేరు చుట్లున్న ఐసొలేషన్ రకం అడగండి.

ఫోను, ల్యాప్‌టాప్ చార్జర్ల మీద 100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని రాసి ఉంటే ఏ పెట్టే అక్కర లేదు. వాటికీ ట్రాన్స్‌ఫార్మర్ అంటగట్టే దుకాణాలున్నాయి.

రెండు పెట్టెలూ వెనక్కి తీసుకోమంటే "వాడిన వస్తువు" అన్నారు. తెల్ల కాగితం మీద రాసిచ్చిన బిల్లులో మోడల్ పేరు లేదు, వాట్లు లేవు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను, చూడాలి. మీరు కొనేటప్పుడు బిల్లు మీద "ఫలానా మిషను కోసం" అని, వాట్లు, హెర్ట్జ్ రాయించుకోండి. రాయనంటే బయటికి వచ్చేయండి.

నాన్నకు ఇప్పుడు 230 వోల్టులు, 50 హెర్ట్జ్ కాన్సంట్రేటర్ అద్దెకు తెచ్చి పెట్టాం, రాత్రంతా నిద్రపోతున్నారు. పక్కన సిలిండరు నిండుగా ఉంచుతున్నాం. తమ్ముడు తెచ్చిన మిషను మళ్లీ డాలస్‌కే వెళుతోంది. మీ ఇంట్లోనూ పిల్లలు ఏదైనా తెస్తుంటే, విమానం ఎక్కకముందే వెనక చీటీని ఫొటో తీసి పంపమనండి.