పైథాన్ స్టాండర్డ్ లైబ్రరీ: సరుకు మంచిదే, పేర్ల దగ్గరే పేచీ

పైథాన్ ప్రోగ్రామింగ్ భాషతో పాటే వచ్చే స్టాండర్డ్ లైబ్రరీ (సిద్ధంగా రాసి ఉంచిన కోడు సముదాయం) ఎంత విస్తారమైనదో అందరికీ తెలుసు కనుక, ఈ సమీక్షను అందులోని మాడ్యూళ్లకు, అంటే ఒక్కో పనికి కేటాయించిన కోడు భాగాలకు, పెట్టిన పేర్లకే పరిమితం చేస్తున్నాను. జేసన్, సీఎస్‌వీ, మ్యాథ్, స్టాటిస్టిక్స్ వంటి పేర్లు చూడగానే పని తెలిసిపోతుంది. 2016లో 3.6 వెర్షన్‌తో వచ్చిన సీక్రెట్స్ వీటన్నిటిలో నాకు నచ్చిన పేరు, ఎందుకంటే పాస్‌వర్డ్‌లకు, టోకెన్‌లకు యాదృచ్ఛిక సంఖ్యలిచ్చే ర్యాండమ్ మాడ్యూల్‌ను వాడకూడదన్న హెచ్చరికను డాక్యుమెంటేషన్‌లో వెతకనవసరం లేకుండా ఆ పేరే సరైన దారి చూపుతుంది. అదే గో భాషలో మ్యాథ్ కింద ఒక ర్యాండ్, క్రిప్టో కింద భద్రతకు పనికొచ్చే మరొక ర్యాండ్ ఉన్నాయి. ఇంపోర్ట్ చేశాక, అంటే మన ఫైలులోకి తెచ్చుకున్నాక, కోడులో రెండూ ర్యాండ్‌గానే కనిపిస్తాయి కనుక, ఏది వాడారో తెలియాలంటే ఫైలు పైభాగానికి వెళ్లి చూడాల్సిందే.

షుటిల్ అనే మాడ్యూల్ సంగతి వేరు. షెల్ యుటిలిటీస్‌ను కుదించి ఆ పేరు పెట్టారని తెలియనివారికి ఫైలు కాపీ చేయడానికి అక్కడికి వెళ్లాలని తోచదు. పైగా ఒక్క ఫైలును తొలగించే ఫంక్షన్ ఓఎస్ అనే మాడ్యూల్‌లోనూ, డైరెక్టరీని దానిలోని ఫైళ్లతో సహా తొలగించేది షుటిల్‌లోనూ ఉన్నాయి.

తేదీ, సమయాల మాడ్యూల్ అయిన డేట్‌టైమ్‌లో చిక్కు ఇంకో రకం: మాడ్యూల్ పేరు, అందులోని ముఖ్యమైన క్లాసు (ఒక రకం డేటాకు, దాని పనులకు నమూనా) పేరు ఒకటే. క్లాసు పేర్లు పెద్దక్షరంతో మొదలవ్వాలని పైథాన్ కోడు శైలి మార్గదర్శిని అయిన పెప్ 8 చెబుతున్నా, 2003లో 2.3తో వచ్చిన ఈ క్లాసు మాత్రం చిన్నక్షరాలతోనే మిగిలింది. ఒక ఫైలులో మాడ్యూల్‌ను, మరో ఫైలులో క్లాసును ఇంపోర్ట్ చేసుకుని ఉన్నప్పుడు, రెండోదానిలోని డేట్‌టైమ్.నౌ అన్న వరుసను మొదటిదానిలో అతికిస్తే, మాడ్యూల్‌కు నౌ అనే యాట్రిబ్యూట్ (అందులోని అంశం) లేదంటూ ప్రోగ్రామ్ ఆగిపోతుంది.

2008 డిసెంబరులో వచ్చిన 3.0లో కొంత శుభ్రం చేశారన్నది ఒప్పుకోవాలి. అంతకుముందు వెబ్ చిరునామాలతో పనిచేసే కోడులో యూఆర్ఎల్‌లిబ్, యూఆర్ఎల్‌లిబ్2, యూఆర్ఎల్‌పార్స్ అని మూడు చోట్ల చెదిరి ఉన్నవాటిని ఒకే ప్యాకేజీ కిందికి తెచ్చి, రిక్వెస్ట్, పార్స్, ఎర్రర్ అని పనిని బట్టి విడదీశారు. పాత పేర్లతో రాసిన కోడంతా మార్చుకోవాల్సి వచ్చినా, ఆ శ్రమకు తగిన ఫలితమే దక్కింది.

అన్నిటికన్నా పెద్ద లోపం అలాగే ఉంది. లైబ్రరీ మాడ్యూళ్లకు తమదంటూ వేరే నేమ్‌స్పేస్ (పేర్లు కలిసిపోకుండా ఉంచే విడి ఆవరణ) లేదు. మన ఫైళ్లూ అవీ ఒకే వరుసలో పోటీ పడతాయి, స్క్రిప్ట్ ఉన్న ఫోల్డరే ముందు వెతుకులాటకు వస్తుంది. నేర్చుకునేవారు అభ్యాసం కోసం రాసిన ఫైలుకు ర్యాండమ్.పై అని పేరు పెట్టుకోవడం సహజం, ఆ తరువాత అసలు ర్యాండమ్‌లోని ర్యాండ్‌ఇంట్ ఫంక్షన్ దొరకడం లేదని తల పట్టుకోవడమూ సహజమే. 2024లో వచ్చిన 3.13 ఇటువంటి సందర్భంలో ఫైలు పేరు మార్చమని ఎర్రర్‌లోనే సూచిస్తుంది. ఇది ఉపశమనమే గాని వైద్యం కాదు. బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్‌ను నడిపే నోడ్ జేఎస్ తన సొంత మాడ్యూళ్లకు ముందు 'నోడ్:' అని చేర్చుకునే వీలు కల్పించింది. టెస్ట్ మాడ్యూల్‌ను ఆ ఉపసర్గతో తప్ప పిలవనే లేము.

పేర్ల వరకు పైథాన్‌కు ఐదుకు మూడున్నర ఇస్తాను. అటువంటి ఉపసర్గ వచ్చిన నాడు, డేట్‌టైమ్ అలాగే ఉన్నా సరే, నాలుగు ఇవ్వడానికి అభ్యంతరం లేదు.