ఊదితే ఎగిరే బల్లా, నలుగురు మోసే మంచమా?

మా అమ్మ మొదటిసారి డాలస్ వచ్చినప్పుడు, ప్రయాణం అలసట తీరకముందే మా డైనింగ్ టేబుల్‌ని వేలి కణుపుతో టకటకా కొట్టి చూసింది. దేవరకొండ అంగట్లో కుండ కొనేముందు కొట్టి చూసినట్టే. "గిదేంది బిడ్డా, అట్టముక్క లెక్కున్నది. ఇంత జీతం తెచ్చుకుంటవు, ఒక గట్టి బల్ల కొనుక్కోరాదా?" అన్నది. ఉద్యోగం మారి వేరే ఊరు వెళ్లిపోతున్న ఒకాయన దగ్గర నలభై డాలర్లకు తెచ్చుకున్న బల్ల అది. ఆ సంగతి చెప్తే ఇంకా బాధపడుతుందని ఊరుకున్నాను.

ఆమెను తప్పుపట్టలేను. మా నల్లగొండ వైపు సామాను అంటే అవసరం ఒక్కటే కాదు, మర్యాద కూడా. ఆడపిల్ల పెళ్లికి మంచం, బీరువా, డ్రెస్సింగ్ టేబుల్ పెట్టి పంపుతారు. ఆ మంచం టేకుదా, వేపదా, ఎంత మందం ఉంది అన్నది అటువైపు చుట్టాలు ఏళ్ల తరబడి మాట్లాడుకుంటారు. అలాంటి ఇంట్లో పెరిగినవాళ్లకు చౌక బల్ల అంటే చౌక బతుకు అనిపిస్తుంది.

విదేశంలో మన బతుకు మొదలయ్యేది రెండు సూట్‌కేసులతో, ఒక్కోటి 23 కిలోలు. మొదటి నెల పరుపు నేల మీదే. ఏడాది లీజు అయ్యేసరికి అద్దె పెరగడమో, ఉద్యోగం మారడమో జరుగుతుంది. హెచ్-1బీ అనే ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ల ఉద్యోగం పోతే ఇంకో కంపెనీ వెతుక్కోవడానికి ఉండేది గరిష్ఠంగా 60 రోజులు. ఆ టెన్షన్‌లో ఉన్నవాడికి టేకు మంచం గుదిబండ. అందుకే నా లెక్క వేరు: సామాను ఎన్నేళ్లు ఉంటుంది అని కాదు, మనం ఆ ఇంట్లో ఎన్నేళ్లు ఉంటాం అని అడగాలి.

ఇలాంటి బతుక్కి సరిపడే ఆలోచన స్వీడన్‌లో పుట్టింది. ఇంగ్వార్ కాంప్రాడ్ అనే 17 ఏళ్ల కుర్రాడు 1943లో ఐకియా పెట్టాడు, ఇప్పుడు ఇంటి సామాను అమ్మే కంపెనీ అది. 1956లో అక్కడ పనిచేసే ఒకాయన బల్లను కారులో పట్టించలేక కాళ్లు ఊడదీశాడట. విప్పిన సామాను చదునైన పెట్టెలో అమ్మడానికి అదే నాంది అని కంపెనీ వాళ్లు చెబుతారు. ఖాళీ గాలిని లారీలో మోయక్కర్లేదు, బిగించే కూలీ కొనుక్కున్నవాడిదే. ధర తగ్గడానికి సగం కారణం ఇదే. మిగతా సగం లోపల ఉన్న పదార్థం. చెక్క పొట్టును జిగురుతో అదిమి చేసే పార్టికల్ బోర్డు అది, పైన పల్చటి పూత. అన్నీ అలాంటివే అనుకోకండి, పైన్ లాంటి అసలు చెక్కవి కూడా ఉంటాయి. కొనేముందు చీటీ మీద పదార్థం ఏమిటో చదివితే సగం మోసపోవడం తప్పుతుంది.

విచిత్రం ఏమిటంటే, అమెరికాలో మన తెలుగువాళ్లలోనే దీని మీద రెండు మాటలున్నాయి. చదువుకునే రోజుల్లో అదే గతి. ఇల్లు కొన్నాక గృహప్రవేశానికి వచ్చినవాళ్లు సోఫా మీద చెయ్యి వేసి "ఐకియాదా?" అని అడిగితే మొహం మాడ్చుకుంటారు. ఇటు చూస్తే 2018 ఆగస్టు 9న హైదరాబాద్ హైటెక్ సిటీలో దేశంలోనే మొదటి ఐకియా తెరిచినప్పుడు జనం కిక్కిరిసిపోయారు. అక్కడ కుర్రాళ్ల సామాను, ఇక్కడ ఫారిన్ సామాను. రెండు చోట్లా సరుకు ఒకటే, చూసే కళ్లే వేరు. గల్ఫ్‌కు పోయిన పాలమూరువాళ్ల సంగతి ఇంకొకటి. క్యాంపు గదిలో ఇనుప బంకు మంచం మీద పడుకుని, ఊళ్లో కట్టే ఇంటికి టేకు దర్వాజా కోసం డబ్బు పంపుతారు. వాళ్లకు ఎంచుకునే అవకాశమే లేదు.

మరి టేకు ఎప్పుడూ మేలేనా? వడ్లాయన (వడ్రంగి) చేతికి మంచి చెక్క దొరికితే మేలే. మంచి చెక్క అంటే చేవ, అంటే మాను నడిమి గట్టి భాగం, ఉన్నది. ఆ చేవకు చెదలు అంత తొందరగా అంటవు, పైనుండే తెల్ల భాగానికి అంటుతాయి. చేవ ధర తీసుకుని తెల్ల కలిపినా పాలిష్ పడ్డాక మనకు తెలియదు. పచ్చి చెక్కయితే మరీ ఘోరం. మా దగ్గర మే నెల ఎండకు తలుపు పగుళ్లిస్తుంది, వానాకాలం సొరుగు బిగుసుకుపోతుంది. అందుకే పాత ఇల్లు కూలగొట్టినప్పుడు వచ్చే దూలాలతో చేయించుకోవడం నాకు ఇష్టం. ఆ చెక్క ఎండాల్సినంత ఎండి ఉంటుంది. మేకులు పీకడానికి, చిత్రిక పట్టడానికి వడ్లాయన గొణుగుతాడు, గొణగనివ్వండి. చెప్పిన రోజుకు ఇస్తాడని మాత్రం ఆశ పెట్టుకోకండి. మా మంచం దసరాకు అని చెప్పి సంక్రాంతికి వచ్చింది.

పార్టికల్ బోర్డుకు శత్రువు నీళ్లు. డాలస్‌లో మా గదుల్లో కార్పెట్ కాబట్టి బతికిపోయింది. నల్లగొండలో పొద్దున లేస్తే ఇల్లు తడిబట్టతో తుడుస్తాం, పండుగకైతే బకెట్లతో కడుగుతాం. బీరువా అడుగంచు తడి పీల్చి ఉబ్బితే ఇక బాగుపడదు, దానికి రిపేరు లేదు. రెండో శత్రువు విప్పి మళ్లీ బిగించడం. మూడు ఇళ్లు మారేసరికి నా పుస్తకాల అల్మారాలో మర చుట్టూ పొట్టు రాలి, పేక మేడలా ఒక పక్కకు ఒరిగింది. పైగా తేలిక సామాను తూలుతుంది. 2016లో అమెరికాలో ఐకియా దాదాపు 2.9 కోట్ల సొరుగు బీరువాలను వెనక్కి పిలిచింది. గోడకు బిగించకపోతే పిల్లల మీద పడి ప్రాణాలు పోయిన ఘటనల వల్ల. అద్దె ఇంటి గోడకు రంధ్రం పెడితే డిపాజిట్ కోస్తారని చాలామంది బిగించరు. పసిపిల్లలున్న ఇంట్లో డిపాజిట్ పోయినా సరే, బిగించాల్సిందే.

కాబట్టి ఈ ఏడాది అమెరికా వెళ్తున్న మా మేనల్లుడికి చెప్పింది ఇది: బల్ల, కుర్చీలు, అల్మారా సెకండ్ హ్యాండ్‌లో తీసుకో, వెళ్లేటప్పుడు ఇంకొకడికి ఇచ్చేయ్. పరుపు మాత్రం కొత్తదే కొను, నల్లులు పట్టాయంటే ఇల్లే మారాలి. ఇల్లు కొని పదేళ్లు ఉంటానని నమ్మకం కుదిరాక ఒక్క మంచం, ఒక్క భోజనం బల్ల మంచి చెక్కవి కొనుక్కో, మిగతావి చౌకవైనా నష్టం లేదు. ఇక్కడ నల్లగొండలో సొంతింటికైతే తడి తగిలే చోట పార్టికల్ బోర్డు వద్దు. పాత టేకో, కాకపోతే ఇనుప బీరువానో.

ఇంత చెప్పిన నేనే పోయిన ఎండాకాలం హైదరాబాద్ నుంచి చిన్న తెల్ల బల్ల ఒకటి అమ్మకు తీసుకెళ్లాను, ఊరికే చూద్దామని. మొదటిరోజు యథాప్రకారం వేలితో కొట్టి నవ్వింది. ఇప్పుడు డెబ్బై దాటింది. టేకు కుర్చీ జరపాలంటే పక్కింటి పిల్లగాణ్ని పిలవాలి. ఈ బల్లనైతే ఒంటి చేత్తో ఎత్తి వాకిట్లో వేసుకుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. మొన్న ఫోన్‌లో చూపించింది. తడి తగలకుండా నాలుగు కాళ్ల కింద నాలుగు ఊరగాయ సీసా మూతలు పెట్టింది.