బడ్జీలా, కాక్‌టీలా? ముందు పగలంతా ఇంట్లో ఎవరుంటారో చూసుకోండి

మా అక్క కూతురు మొన్న ఫోన్ చేసి, "పిన్నీ, బాబు చిలక కావాలని ప్రాణం తీస్తున్నాడు. లవ్ బర్డ్స్ జోడీ తెమ్మంటావా, ఒక కాక్‌టీల్ తెమ్మంటావా?" అని అడిగింది. "పగలు ఇంట్లో ఎవరుంటారే?" అన్నాను. మొగుడూ పెళ్లాలిద్దరూ ఉద్యోగాలకి, పిల్లాడు బడికి. పొద్దున ఎనిమిదింటికి వేసిన తాళం మళ్లీ సాయంత్రం ఆరింటికే తీసేది.

రామచిలుక మాట అది ఎత్తలేదు, సంతోషం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన చిలకల్ని పట్టడం, అమ్మడం, ఇంట్లో పెంచడం నేరం. అడవి గుంపులోంచి విడదీసి తెచ్చిన పిట్టని పంజరంలో పెట్టడానికి నాకు మనసు కూడా ఒప్పదు.

ఇక మిగిలినవి రెండు. మన బజారులో లవ్ బర్డ్స్ అని అమ్మేవి నిజానికి బడ్జీలు. అసలు లవ్ బర్డ్స్ ఆఫ్రికావి, తోక పొట్టిగా ఉంటుంది. చిన్న బడ్జీ, తల మీద తురాయి ఉండే కాక్‌టీల్ రెండూ ఆస్ట్రేలియా చిలకలే, రెండూ గుంపులుగా తిరిగే జాతులే. ఒంటరితనం రెండింటికీ పడదు. తేడా ఎక్కడంటే, జోడీగా తెచ్చిన బడ్జీలు పగలంతా ఒకదానికొకటి కబుర్లు చెప్పుకుంటాయి, ఒకదాని తల ఒకటి దువ్వుకుంటాయి. ఒంటి కాక్‌టీల్‌కి మాత్రం మీరే గుంపు. మీరు పక్క గదిలోకి వెళ్తే ఈల వేసి పిలుస్తుంది, జవాబు రాకపోతే అరుస్తుంది. పది గంటలు తాళం వేసిన ఇంట్లో అది ఎవర్ని పిలవాలి? కొన్ని అలా దిగులు పట్టి తమ ఈకలు తామే పీక్కుంటాయి.

అదే ఇంట్లో అమ్మమ్మో తాతయ్యో రోజంతా ఉంటారనుకోండి, నా ఓటు కాక్‌టీల్‌కే. దాని తురాయి చూస్తే మనసులో ఏముందో తెలిసిపోతుంది. ఉలిక్కిపడితే నిటారుగా లేస్తుంది, కోపం వస్తే తలకి అంటుకుపోతుంది. మెడ వంచి మన వేలి కింద పెట్టి గోకమని అడుగుతుంది. అంత చనువు జోడీ బడ్జీల దగ్గర ఆశించకూడదు. రెండున్నాయంటే వాటి లోకం వాటిదే. గింజలు చేతిలో పెడితే వచ్చి తింటాయి, మళ్లీ వెళ్లిపోతాయి.

కాక్‌టీల్‌తో ఇంకో సంగతి, దాని ఈకల నుంచి తెల్లటి పిండిలాంటి పొడి రాలుతుంది. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లుంటే ఆ ఆలోచన మానుకోవడమే మంచిది. చీకట్లో ఏ చిన్న అలికిడైనా బెదిరి రెక్కలు కొట్టుకుని గాయపడుతుంది కాబట్టి రాత్రి చిన్న బెడ్‌ల్యాంప్ ఉంచాలి. వయసు లెక్క కూడా చూసుకోవాలి. బడ్జీ బాగా చూసుకుంటే 5 నుంచి 10 ఏళ్లు బతుకుతుంది, కాక్‌టీల్ 15 నుంచి 20. బాబుకి ఇప్పుడు ఏడేళ్లు. వాడు ఇంజనీరింగ్ ముగించేనాటికి కూడా అది ఇంట్లోనే ఉంటుంది, వాడే ఉండకపోవచ్చు.

అందుకే మా అక్క కూతుర్ని బడ్జీలే తెచ్చుకోమన్నాను. కానీ జోడీ అంటే దుకాణంలో ఇచ్చే ఆడా మగా కాదు, రెండు మగవి. ఇది నేను నష్టపోయి నేర్చుకున్న పాఠం. మాకు అమ్మినాయన పంజరంతో పాటు చిన్న మట్టికుండ కూడా కట్టిచ్చాడు. కుండ కనిపిస్తే ఆడ బడ్జీ గుడ్లు పెడుతుందని అప్పుడు నాకు తెలియదు. మొదటి విడత పిల్లలు ఎగరకముందే రెండో విడత గుడ్లు, తర్వాత మూడో విడత. మేమేమో మురిసిపోయాం. ఒక తెల్లవారుజామున చూస్తే ఆడపిట్ట పంజరం అడుగున ఈకలు ఉబ్బించుకుని కూర్చుంది, ఊపిరి తీసినప్పుడల్లా తోక పైకీ కిందకీ ఊగుతోంది. గుడ్డు అడ్డం పడింది. వరసగా గుడ్లు పెట్టీ పెట్టీ ఒంట్లో కాల్షియం అయిపోతే ఇలా అవుతుందని తర్వాత తెలిసింది. డాక్టరు దగ్గరికి వెళ్లే దారిలోనే నా అరచేతిలో పోయింది. 30, 40 గ్రాముల ప్రాణం. ఆ రోజే కుండ తీసి పారేశాను.

మగ బడ్జీలు రెండు మామూలుగా సర్దుకుపోతాయి, ఆడవి రెండైతే కొట్టుకోవడం ఎక్కువ. పెద్ద పిట్టల్లో ముక్కు రంధ్రాల చుట్టూ ఉండే నున్నటి భాగం నీలంగా ఉంటే మగది, గోధుమ రంగులో ఉంటే ఆడది. పూర్తి తెల్లవీ పసుపువీ అయితే మగవాటికి కూడా గులాబీ రంగే ఉంటుంది, అక్కడ మోసపోవద్దు.

పంజరం ఎత్తు కాదు, వెడల్పు చూడాలి. పిట్టలు అడ్డంగా ఎగురుతాయి. రెండు బడ్జీలకి కనీసం 30 అంగుళాల వెడల్పు, ఊచల మధ్య సందు అర అంగుళం దాటకూడదు. కాక్‌టీల్‌కి ఇంకా పెద్దది కావాలి. నున్నటి ప్లాస్టిక్ కర్రలు తీసేసి, మందు కొట్టని జామకొమ్మలు కడిగి ఆరబెట్టి పెడితే కాళ్లకి హాయి.

తిండి దాదాపు ఒకటే. కొర్రలు, సామలు, కొత్తిమీర, తోటకూర, క్యారెట్ తురుము, కొరకడానికి సముద్రపు నురుగు, అంటే కటిల్ చేప ఎముక. గింజలొక్కటే పెడితే చాలదు. కాక్‌టీల్ పొద్దుతిరుగుడు గింజలు ఏరుకుని తిని కొవ్వు పట్టిపోతుంది, అవి తగ్గించాలి. ఏ పిట్టైనా వంటింటి దగ్గర మాత్రం వద్దు. నాన్‌స్టిక్ దోసెపెనం ఖాళీగా మరీ కాలితే వచ్చే ఆవిరి మనకు తెలియను కూడా తెలియదు, పిట్ట నిమిషాల్లో చచ్చిపోతుంది.

కొనేటప్పుడు కాస్త దూరంగా నిలబడి ఐదు నిమిషాలు చూడమన్నాను. దగ్గరికెళ్తే జబ్బు పిట్ట కూడా బాగున్నట్టు నటిస్తుంది. మూలన ఈకలు ఉబ్బించుకుని కునుకుతున్నది, తోక కింద తడిగా ఉన్నది వద్దు. తెచ్చిన మొదటి వారం బాబుని పంజరంలో చెయ్యి పెట్టనివ్వకే, పక్కన కూర్చుని తెలుగు వాచకం పైకి చదువుకోమను, వాడి గొంతు వాటికి అలవాటవుతుంది అన్నాను.