జీటీ బటన్: సీఏ ఫౌండేషన్ నుంచి రెండేళ్ళు వాడిన కాలిక్యులేటర్ గురించి

సీఏ ఫౌండేషన్‌కి అంటే చార్టర్డ్ అకౌంటెంట్ చదువులో మొదటి పరీక్షకి చదివేవాళ్ళు ఏ పుస్తకం మంచిది, ఎవరి క్లాసులు బాగుంటాయి అని అడుగుతూ ఉంటారు. ఏ కాలిక్యులేటర్ కొనాలి అని నన్ను ఇంతవరకూ ఒక్కమ్మాయే అడిగింది. జీటీ, అంటే గ్రాండ్ టోటల్ బటన్ ఉన్నది తీసుకో, ఇంకేం చూడక్కర్లేదు అని ధైర్యంగా చెప్పేశాను. ఆ జవాబులో సగమే ఉందని తర్వాత అనిపించింది. మిగతా సగం కూడా చెప్పాలని ఇది రాస్తున్నాను. కంపెనీ పేరు రాయడం లేదు. జీటీ బటన్ చాలా కంపెనీల 12 అంకెల మెషిన్ల మీద ఉంటుంది, నేను మాట్లాడేది ఆ ఒక్క బటన్ గురించే. పరీక్ష హాల్లోకి సైంటిఫిక్ కాలిక్యులేటర్ రానివ్వరు, మామూలుదే ఉండాలి. అది అందరికీ తెలిసిందే.

మాది ఒడిశాలోని రాయగడ. ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, ప్లస్ టూ కామర్స్ ఇంగ్లీషులో. ఫౌండేషన్ ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ రాయాలి. కోచింగ్‌కి భువనేశ్వరో విశాఖపట్నమో వెళ్ళి ఉండే స్తోమత మాకు లేదు. సీఏ పరీక్షలు పెట్టే ఐసీఏఐ సంస్థ స్టడీ మెటీరియల్, వాళ్ళే ఉచితంగా చెప్పే ఆన్‌లైన్ క్లాసులు, మాక్ టెస్ట్ పేపర్లు, వీటితోనే చదివాను. అకౌంటింగ్, లా, ఎకనామిక్స్ ఎలాగో నడిచాయి. మూడో పేపరు, అంటే క్వాంటిటేటివ్ ఆప్టిట్యూడ్ దగ్గర బండి ఆగిపోయింది. 100 మార్కుల్లో లెక్కలు 40, రీజనింగ్ 20, స్టాటిస్టిక్స్ 40. ఉండేది రెండు గంటలు. తప్పు జవాబు పెడితే పావు మార్కు పోతుంది.

లెక్కల్లో నన్ను బాగా ఏడిపించింది యాన్యుటీ. ఏడాదికి ఇంత చొప్పున ఐదేళ్ళ పాటు డబ్బు వస్తుంది, దాని ఈనాటి విలువ ఎంత అని అడుగుతారు. ఫార్ములా బట్టీ పట్టాను. రెండు రోజులు గడిస్తే మైనస్ గుర్తు ఎక్కడుందో గుర్తుండేది కాదు. గుర్తున్న రోజు కూడా, ఆ బ్రాకెట్లన్నీ కలిపి ఏం చేస్తున్నాయో అర్థమయ్యేది కాదు.

ప్లస్ టూ పరీక్షలయ్యాక 2024 ఏప్రిల్‌లో ఈ కాలిక్యులేటర్ కొన్నాను. అది చింతపండు సీజన్. మా నాన్న ఒక చింతపండు షావుకారు దగ్గర లెక్కలు రాస్తారు. కొండ ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు కాటా దగ్గర వరసగా కూర్చుంటారు. ఒక్కొక్కరి సరుకూ తూచి, ధర కట్టి, ఎవరి డబ్బు వాళ్ళ చేతిలో పెట్టాలి. ఆ రోజు నాన్నకి అన్నం క్యారేజీ ఇవ్వడానికి వెళ్ళాను. ఆయన పాత మెషిన్ ఆగిపోయిందని నాది తీసుకున్నారు. 23 ఇంటూ 40 ఈక్వల్, 920. 17 ఇంటూ 40 ఈక్వల్, 680. 31 ఇంటూ 40 ఈక్వల్, 1,240. ముగ్గురి పేర్ల పక్కనా అంకెలు వేసి, జీటీ నొక్కారు. తెర మీద 2,840 వచ్చింది.

నేను మూడు అంకెలూ కాగితం మీద కూడి చూశాను. సరిపోయింది.

"ఒక్కొక్కళ్ళదీ గుణించి ఈక్వల్ కొట్టుకుంటూ పోతే అది లోపల దాచుకుంటాది తల్లీ. ఆఖర్న జీటీ నొక్కితే గల్లాపెట్టిలోంచి ఎంత తియ్యాలో చెప్పేస్తాది" అన్నారు నాన్న, తలెత్తకుండానే. ఆయనకి అది రోజూ చేసే పని.

ఇంటికొచ్చి స్టడీ మెటీరియల్ తెరిచాను. ఐదేళ్ళ డబ్బు కాటా ముందు వరసగా కూర్చున్న ఐదుగురిలా కనిపించింది. మొదటి ఏడాది వచ్చే రూపాయికి ఈనాటి విలువ ఇంత, రెండో ఏడాది వచ్చే రూపాయికి ఇంత. ఒక్కొక్కళ్ళదీ విడిగా కట్టుకుంటూ పోవాలి, చివర కలపాలి, అంతే కదా! వడ్డీ 10 శాతం అనుకుని 1 భాగించు 1.1 కొట్టి ఈక్వల్ నొక్కాను. 0.90909090909. మళ్ళీ ఈక్వల్, 0.82644628099. అలా ఐదుసార్లు నొక్కి జీటీ కొడితే 3.79078676939 వచ్చింది. పుస్తకం వెనక టేబుల్లో 10 శాతం గడిలో ఐదేళ్ళకి ఉన్నది 3.7908. ఏడాదికి 12,000 వస్తే దాన్ని దీనితో గుణించాలి, 45,489. ఆ రాత్రి ఆ అధ్యాయంలోని లెక్కలన్నీ ఒక్క ఫార్ములా రాయకుండా చేశాను. అంతకన్నా పెద్ద సంగతి, ఫార్ములాలో ఆ బ్రాకెట్లు ఏం చేస్తున్నాయో అర్థమైంది. ఐదుసార్లు ఈక్వల్ నొక్కే పనిని అది ఒక్క లైనులో చేస్తోంది. నాకు యాన్యుటీ నేర్పింది మా నాన్న, ఆయన చింతపండు పద్దు. ఈ మాట ఆయనతో అంటే నమ్మరు.

మిగతా కిటుకులు చాలామందికి తెలిసినవే. చక్రవడ్డీకి 1.08 ఇంటూ కొట్టి ఈక్వల్ నొక్కుతూ పోతే ఘాతాలు వస్తాయి. కొన్ని మెషిన్లలో ఇంటూ రెండుసార్లు నొక్కాలి, భాగహారానికి అంకెల వరస కూడా మారుతుంది, కాబట్టి కొనేటప్పుడు షాపులోనే నొక్కి చూసుకోండి. లాగ్ (సంవర్గమానం) కావాలంటే వర్గమూలం 13 సార్లు నొక్కి, 1 తీసేసి, 3558తో గుణిస్తే దాదాపుగా వస్తుంది. 2కి చేస్తే 0.3010కి చాలా దగ్గరగా వస్తుంది.

ఇక ఎవరికీ చెప్పని సగం.

మొదటి అటెంప్ట్ 2025 జనవరిలో రాశాను, విశాఖపట్నం సెంటర్. మా అప్ప వాళ్ళింట్లో ఉన్నాను. 12న అకౌంటింగ్. సంక్రాంతి రోజు పెట్టాల్సిన లా పేపర్ని 16కి మార్చారు. 18న మూడో పేపరు, మధ్యాహ్నం 2 నుంచి 4 వరకు.

ఈ కాలిక్యులేటర్ మీద, తెర కింద చిన్న జారుడు స్విచ్ ఒకటి ఉంది. ఎఫ్ మీద పెడితే దశాంశాలన్నీ చూపిస్తుంది. 2 మీద పెడితే పైసల దగ్గర ఆపి సరిచేసి చూపిస్తుంది, తర్వాతి లెక్కకీ ఆ సరిచేసిన అంకెనే తీసుకుంటుంది. అకౌంటింగ్ పేపర్లో పొడుగాటి దశాంశాలు అడ్డమని 12న నేనే దాన్ని 2 మీదికి జరిపాను. తర్వాత సంక్రాంతి, అరిసెలు, అప్ప పిల్లలు, లా పేపరు. లా పేపర్లో కాలిక్యులేటర్‌తో పనే లేదు. స్విచ్ సంగతి పూర్తిగా మర్చిపోయాను. 2 మీద ఉందని తెర మీద చిన్న గుర్తు కూడా పడదు. అప్పుడూ ఇప్పుడూ ఈ మెషిన్ మీద నాకున్న కోపం ఇదొక్కటే. ఇంత ముఖ్యమైన సంగతి తెర మీద కనిపించాలి కదా.

18న హాల్లో మొదట యాన్యుటీ లెక్కలే తీశాను, నాకు బలం అవే కాబట్టి. మొదటిదానికి నా జవాబు నాలుగు ఆప్షన్లలో దేనితోనూ సరిగ్గా కలవలేదు. కొద్దిగానే తేడా, దగ్గరగా ఉన్నది దిద్దేశాను. తర్వాత నెలవారీ వాయిదాల లాంటి లెక్క. అంకెలు ఇప్పుడు గుర్తులేవు. నెలకి 1 శాతం వడ్డీ, 24 నెలలు, నెలకి 5,000 అనుకోండి. 1 భాగించు 1.01, ఈక్వల్. 0.99. ఈక్వల్, 0.98. ఈక్వల్, 0.97. వేలు నొక్కుతూనే ఉంది. 0.96, 0.95, 0.94. మెట్లు దిగినట్టు సమంగా ఒక్కో పైసా తగ్గుతోంది. నిజంగా అలా తగ్గకూడదు, ప్రతిసారీ తగ్గేది కొంచెం కొంచెం చిన్నదవుతూ రావాలి. అది నా కంటికి కనిపించింది, కానీ ఏం తప్పో బుర్రకి తట్టలేదు. అలా 24 సార్లు నొక్కి జీటీ కొడితే సరిగ్గా 21 వస్తుంది. రావాల్సింది 21.24. ఐదు వేలతో గుణిస్తే 1,06,217 ఉండాల్సిన చోట 1,05,000.

నేను తప్పు నొక్కానేమో అనుకుని మళ్ళీ చేశాను. మళ్ళీ అదే. కిటుకే మర్చిపోయానేమో అనుకుని ఫార్ములా రాయబోయాను, మైనస్ ఎక్కడో గుర్తు రాలేదు. జీటీ దొరికిన రోజు నుంచి ఫార్ములా మళ్ళీ చదవలేదు మరి. చేతులు చల్లబడ్డాయి. దాన్ని వదిలి లాగ్ వచ్చే లెక్కకి వెళ్ళాను. 13 సార్లు వర్గమూలం నొక్కేసరికి తెర మీద 1.00 అని ఉంది. 1 తీసేస్తే సున్నా. అప్పుడు చూశాను స్విచ్ వైపు.

ఎఫ్ మీదికి జరిపి మొదటి నుంచి చేద్దామంటే గడియారంలో ఇరవై అయిదు నిమిషాలు పోయాయి. ఆ టెన్షన్‌లో స్టాటిస్టిక్స్‌లో కూడా తెలిసినవి తప్పుగా పెట్టాను. రిజల్ట్‌లో మొత్తం 211, మూడో పేపర్లో 37. ఫౌండేషన్‌లో ఒక్కో పేపర్లో 40 రావాలి, మొత్తం మీద సగం రావాలి, అదీ ఒకే సిట్టింగ్‌లో. మూడు పేపర్లు పాసైనా నాలుగూ మళ్ళీ రాయాల్సిందే. మూడు మార్కుల కోసం మళ్ళీ అకౌంటింగ్, మళ్ళీ లా, మళ్ళీ ఎకనామిక్స్. రాయగడ రైలెక్కి బొబ్బిలి దాటేదాకా అప్ప పెట్టిన టిఫిన్ డబ్బా తెరవలేదు, అది పరీక్ష అయిన మర్నాడే. రిజల్ట్ రాకముందే నాకు తెలుసు.

మే అటెంప్ట్‌కి అదే కాలిక్యులేటర్ తీసుకెళ్ళాను. కొత్తది కొనమని అమ్మ అంది, నేనే వద్దన్నాను. చేతికి అలవాటైన బటన్లు పరీక్ష ముందు మార్చకూడదు. అయితే సీట్లో కూర్చోగానే 1 భాగించు 3 కొట్టి చూసుకున్నాను. తెర నిండా మూడులు వస్తే స్విచ్ ఎఫ్ మీద ఉన్నట్టు. 0.33 వస్తే కాదు. ప్రతి లెక్కకీ ముందు ఏసీ నొక్కాను, లేకపోతే పాత లెక్క మొత్తం జీటీలో అలాగే ఉండి కొత్తదానికి కలిసిపోతుంది. ఫార్ములా కూడా ఈసారి నిద్రలో లేపి అడిగినా చెప్పేలా నేర్చుకున్నాను. మూడో పేపర్లో 58 వచ్చాయి, పాసయ్యాను.

కాబట్టి మొదట ఆ అమ్మాయికి చెప్పినదాన్ని ఇప్పుడు కొంచెం మారుస్తాను. జీటీ మంచిదే, నాకు చాలా ఇష్టం. కానీ వాయిదా ఏడాది చివర వస్తుందా, మొదట్లో వస్తుందా అన్నది అది చూడదు. మొదట్లో వచ్చేదైతే ఒక ఈక్వల్ తక్కువ నొక్కి 1 కలుపుకోవాలి, ఆ ఆలోచన మనదే. వాయిదాలు మరీ ఎక్కువైతే, 60 నెలలూ 120 నెలలూ అయితే, నొక్కుతూ లెక్క తప్పుతుంది, అక్కడ ఫార్ములాయే త్వరగా తెములుతుంది. అకౌంటింగ్ పేపర్లో నేను జీటీ వాడటం మానేశాను. మధ్యలో ఏదైనా చిన్న లెక్క చేసి ఈక్వల్ కొడితే అదీ మొత్తంలో కలిసిపోతోంది. అక్కడ ఎం ప్లస్ బటన్ నయం, మనం కలపమన్నదే కలుపుతుంది.

చిన్నప్పటి నుంచీ లెక్కల్లో గట్టిగా ఉన్నవాళ్ళకీ, మంచి కోచింగ్ దొరికినవాళ్ళకీ ఈ బటన్ నాకు పనికొచ్చినంత పనికిరాకపోవచ్చు. నాకు చెప్పేవాళ్ళు లేరు, ఇంగ్లీషులో చదివి అర్థం చేసుకోవడం కష్టమయ్యేది, అందుకే ఇది నాకు అంత అండగా నిలిచింది. నాలాంటి పరిస్థితిలో ఉన్నవాళ్ళయితే కొనుక్కోండి, కొన్నాక స్విచ్ ఎక్కడుందో ముందు చూసుకోండి.

ఇప్పుడు సీఏలో తర్వాతి మెట్టు ఇంటర్మీడియట్‌కి చదువుతున్నాను, మెషిన్ అదే. ఈక్వల్ బటన్ మీద గీతలు అరిగి ఒకటే మిగిలింది. చింతపండు సీజన్ కదా, పొద్దున్న నాన్న తీసుకెళ్ళి సాయంత్రం తెచ్చిస్తున్నారు. పైసల కోసం ఆయన స్విచ్ 2 మీద పెట్టుకుంటారు. నేను 1 భాగించు 3 కొట్టి చూసి, ఎఫ్ మీదికి జరిపి, పుస్తకం తెరుస్తాను.