దరఖాస్తులో చివరి బటన్ దగ్గర మూడేళ్లు

దివ్యాంగుల కోసమంటూ పెట్టిన ఒక ఉద్యోగాల పోర్టల్‌ను మూడేళ్లుగా వాడుతున్నాను. నాకు పుట్టుకతో చూపు లేదు. తెర మీద ఉన్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్లే ఆధారం: కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ, ఫోన్‌లో టాక్‌బ్యాక్. ఎం.కాం. చదివాను, ట్యాలీ బాగా వచ్చు.

వెతకడం వరకు బాగుంది. హెడింగులు సరిగ్గా పెట్టారు కాబట్టి హెచ్ కీ నొక్కుకుంటూ ప్రకటనలన్నీ చకచకా వినొచ్చు.

కష్టమంతా దరఖాస్తులోనే. పుట్టిన తేదీ టైప్ చేయనివ్వదు. క్యాలెండర్‌లో ఒక్కో నెలా వెనక్కి నొక్కుకుంటూ 1996 దాకా పోవాలి. రెజ్యుమె జత చేసే చోట "బటన్" అని మాత్రమే వినిపిస్తుంది, ఏ బటనో తెలియదు. నింపేది మనిషేనా అని తేల్చుకోవడానికి వినిపించే ఆడియో క్యాప్చా మోగుతుండగానే స్క్రీన్ రీడర్ కూడా మాట్లాడుతుంది, రెండూ కలిసిపోయి ఏదీ అర్థం కాదు. ఈలోపు లాగౌట్ అయిపోయి, నింపిందంతా పోతుంది. ఇక దిల్‌సుఖ్‌నగర్‌లో నెట్ సెంటర్‌కి వెళ్లి, "అన్నా, కొంచెం సబ్మిట్ చేసి పెట్టవా" అని పాస్‌వర్డ్, ఓటీపీ అతనికి చెప్పాలి. మంచివాడే. అయినా ఎంత జీతం ఆశిస్తున్నానో పక్కవాళ్లందరూ వినేలా చెప్పి రాయించుకోవాల్సి వచ్చినప్పుడు ప్రాణం చివుక్కుమంటుంది.

ఏ ఉద్యోగం నప్పుతుందో చెప్పే పరీక్ష ఇంకా ఘోరం. బొమ్మల్లో నచ్చిన పని ఎంచుకోమంటారు. నాకు వినిపించేది "గ్రాఫిక్, గ్రాఫిక్". ఏదో ఒకటి నొక్కాను. టెలికాలింగ్ నప్పుతుందని ఫలితం వచ్చింది, అదీ బొమ్మగా ఉన్న పీడీఎఫ్‌లో. కౌన్సెలర్ మేడమ్ ఫోన్‌లో ఓపిగ్గా చదివి వినిపించారు. కానీ గుడ్డిగా నొక్కిన జవాబుల మీద వచ్చిన సలహా నాకెందుకు?

పోయినేడు సెల్ఫీ వెరిఫికేషన్ పెట్టారు, కళ్లు ఆర్పాలట. ఇలాంటి కేవైసీ (గుర్తింపు తనిఖీ) మీదే సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న తీర్పిచ్చింది. డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణ కింద జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ ఉద్యోగాల్లో మాకు 4 శాతం రిజర్వేషన్ ఇచ్చింది, అందులో 1 శాతం చూపులేనివాళ్లకు, చూపు తక్కువున్నవాళ్లకు. ఫారమే దాటలేకపోతే ఆ పోస్టు దాకా చేరేదెలా?

ఒకసారి మెయిల్ పెడితే రెజ్యుమె బటన్‌కి పేరు పెట్టారు. సంతోషించాను. తర్వాతి అప్‌డేట్‌లో మళ్లీ పోయింది. విడుదలకు ముందు స్క్రీన్ రీడర్‌తో ఎవరూ పరీక్షించడం లేదని అర్థమైంది.

5కి 2 ఇస్తున్నాను. పరీక్షించడానికి నన్ను పిలవమని రెండుసార్లు రాశాను. మలక్‌పేటలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, హైటెక్ సిటీలో వాళ్ల ఆఫీసుకి నేనే వస్తాను.