ఎఫ్‌ఏఏ ఎయిర్‌పోర్ట్ డయాగ్రమ్ రివ్యూ: ఉచిత పేజీ, దాని పక్కన ట్యాబ్లెట్ మ్యాప్

అమెరికాలో ఎగిరే ప్రతి పైలట్ దగ్గరా ఉండి, తీరిగ్గా చదివేవాళ్లు మాత్రం తక్కువగా ఉండేది ఏదంటే ఎయిర్‌పోర్ట్ డయాగ్రమే, అంటే ఎయిర్‌పోర్టు నేల పటం ఉన్న పేజీ. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ వెబ్‌సైట్‌లో దీని పీడీఎఫ్ ఉచితం. 28 రోజులకోసారి కొత్త ఎడిషన్ వస్తుంది. ఫోర్‌ఫ్లైట్, గార్మిన్ పైలట్ లాంటి యాప్‌లు కూడా ఇదే పేజీని తెరిచి చూపిస్తాయి. ఎప్పుడూ వెళ్లని ఎయిర్‌పోర్టులో అనుమతి లేకుండా రన్‌వే మీదికి చొచ్చుకుపోకుండా కాపాడటంలో ఈ పేజీ ఎంతవరకు పనికొస్తుంది, డబ్బు పెట్టి కొనే ట్యాబ్లెట్ మ్యాప్ దానికి ఏం కలుపుతుంది అన్నదే ఇక్కడి విషయం. ముందే చెప్పేస్తే, ఇంజిన్ స్టార్ట్ చేయకముందు డయాగ్రమ్‌దే పైచేయి. చక్రాలు కదిలాక రెండిటికీ పరిమితులున్నాయి, అవి తెలియకుండా వాడితేనే ప్రమాదం.

పేజీలో రన్‌వేలు నలుపు, ట్యాక్సీవేలు (రన్‌వేకి వెళ్లే, వచ్చే దారులు), ర్యాంపులు (విమానాలు ఆగే చోట్లు) బూడిద రంగు. రన్‌వేల పొడవు, వెడల్పు, చివర్ల ఎత్తు, టవర్ (రన్‌వేల కంట్రోలర్), గ్రౌండ్ (ట్యాక్సీవేల కంట్రోలర్), ఏటిస్ (వాతావరణం, ఎయిర్‌పోర్టు సమాచారం చెప్పే రికార్డింగ్) ఫ్రీక్వెన్సీలు, కంట్రోల్ టవర్ ఉన్న చోటు, ఫైర్ స్టేషన్ అన్నీ ఒకే చోట దొరుకుతాయి. రన్‌వే దాటే క్లియరెన్సుల (కంట్రోలర్ అనుమతుల) విషయంలో అప్రమత్తంగా ఉండమని, రన్‌వే ముందు ఆగమనే హోల్డింగ్ సూచనలన్నీ రీడ్‌బ్యాక్ చేసి (విన్నది తిరిగి చెప్పి) తీరాలని ఒక హెచ్చరిక కూడా అచ్చయి ఉంటుంది. అన్ని పేజీల్లోనూ ఒకేలా ఉండటంతో దాన్ని చదవడం మానేస్తారు. పేజీలో అంతకంటే ముఖ్యమైన వాక్యం లేదు.

అసలు విలువ హాట్‌స్పాట్ గుర్తుల్లో ఉంది. గతంలో పొరపాట్లు జరిగిన, మళ్లీ జరిగే అవకాశం ఉన్న చోట్లకి హెచ్‌ఎస్ 1, హెచ్‌ఎస్ 2 అని పేర్లు పెడతారు. 2022 మే 19 నుంచి వీటి ఆకారాలు రెండే. గుండ్రంగానో కోడిగుడ్డులాగానో ఉంటే నేల మీద తిరిగేటప్పుడు తికమక పడే చోటు. సిలిండర్ ఆకారంలో ఉంటే తప్పు రన్‌వే మీదో ట్యాక్సీవే మీదో దిగిపోయే చోటు. ఈ తేడా ఒకసారి పట్టుబడితే, కిందికి దిగేటప్పుడు ఏది చూడాలో, దిగాక ఏది చూడాలో విడదీసుకోవచ్చు. చిక్కేంటంటే, అక్కడ సమస్య ఏమిటో డయాగ్రమ్ మీద రాసి ఉండదు. వివరణ ఎయిర్‌పోర్టుల వివరాలుండే చార్ట్ సప్లిమెంట్ అనే ప్రచురణలోని వేరే పట్టికలో ఉంటుంది. వృత్తం చూసి "ఓహో, జాగ్రత్తగా ఉండాలి" అనుకుని వదిలేస్తే దాదాపు ఏమీ తెలియనట్టే. రెండు రన్‌వేలు దగ్గరగా ఉండటం, హోల్డ్ లైన్ (రన్‌వే ముందు ఆగాల్సిన గీత) ర్యాంపు అంచుకే ఉండటం, ఒకే మలుపులో మూడు ట్యాక్సీవేలు కలవడం, వీటిలో ఏదన్నది తెలిస్తేనే ఏం చేయాలో తెలుస్తుంది. ఆ ఒక్క వాక్యాన్ని కాపీ చేసి డయాగ్రమ్ మార్జిన్‌లో పెట్టుకోవడానికి రెండు నిమిషాలు చాలు.

ఇంకో లోటు పార్కింగ్. విజిటింగ్ విమానాలు ఎక్కడ ఆగాలో, ఏ ఎఫ్‌బీవో (విమానాలకి పార్కింగ్, ఇంధనం లాంటి సేవలందించే సంస్థ) ఏ మూల ఉందో చాలా పేజీల్లో పేరుతో కనిపించదు. బయలుదేరే ముందే ఎఫ్‌బీవోకి ఫోన్ చేసి "మీ ర్యాంపుకి ఏ ట్యాక్సీవే మీదుగా రావాలి?" అని అడిగితే సరిపోతుంది. పైగా డయాగ్రమ్ అన్ని ఎయిర్‌పోర్టులకీ ఉండదు. చిన్నవాటికి అప్రోచ్ ప్లేట్ (రన్‌వేకి దిగే దారి చూపే చార్టు) మూలలోని స్కెచ్, చార్ట్ సప్లిమెంట్‌లోని చిన్న బొమ్మే గతి. కొన్ని పేజీల్లో బొమ్మను కాగితానికి సరిపోయేలా తిప్పేస్తారు, ఉత్తరం పైనే ఉంటుందని అనుకోకూడదు. బాణం ఎటు చూపిస్తోందో ముందు చూసుకోవాలి.

దీన్ని వాడే తీరు ఇదీ. గాలి దిశ చూసి ఏ రన్‌వే వాడుతున్నారో అంచనా వేయాలి. మీ విమానం మామూలుగా ఆగే దూరాన్ని బట్టి ఏ ఎగ్జిట్‌లో బయటికొస్తారో గుర్తు పెట్టుకోవాలి. అక్కడి నుంచి ర్యాంపు దాకా వేలితో గీత గీస్తూ, దారిలో ఎన్ని రన్‌వేలు అడ్డొస్తున్నాయో లెక్కపెట్టాలి. ఈ లెక్కే కీలకం. రెండు అడ్డొస్తున్నాయని ముందే తెలిసిన పైలట్‌కి గ్రౌండ్ ఒకదాని గురించే మాట్లాడితే "రెండోది?" అని వెంటనే తట్టుతుంది. బయలుదేరేటప్పుడు కూడా ఇంతే. ఊహించిన దారి, కంట్రోలర్ ఇచ్చిన దారి వేరైతే, ఇచ్చిన దాన్నే మళ్లీ పేజీ మీద గీసుకున్నాక కదలాలి. చాలా తప్పులు ఇక్కడే పుడతాయి. చెవి విన్నది ఒకటి, మనసు ముందే అనుకున్నది ఇంకొకటి, చేతులు రెండోదాన్నే పాటిస్తాయి.

క్లియరెన్స్ రాసుకోవడానికి పొట్టి పద్ధతి ఒకటి కావాలి. "రన్‌వే టూ ఎయిట్ రైట్, ట్యాక్సీ వయా ఆల్ఫా, చార్లీ, హోల్డ్ షార్ట్ రన్‌వే వన్ నైన్" అంటే 28ఆర్, ఏ, సి అని వరుసగా రాసి, 19 రాసి దాని చుట్టూ డబ్బా గీయాలి. హోల్డ్ షార్ట్ అంటే ఆ రన్‌వే ముందే ఆగమని, కాబట్టి డబ్బా ఉన్న అంకె దగ్గర ఆగాలి. దాటమన్నాక దాన్ని కొట్టేయాలి. 2010 జూన్ 30 నుంచి దారిలో వచ్చే ప్రతి రన్‌వేకీ, అది మూసి ఉన్నా, వాడకంలో లేకపోయినా, దాటమని పేరుపెట్టి చెప్పి తీరాలన్నది అమెరికాలో నియమం. టేకాఫ్ రన్‌వే పేరు చెప్పి దారి చెప్పారు కదా అని మధ్యలోవి దాటేయడానికి అనుమతి వచ్చేసినట్టు కాదు. అంతకుముందు పద్ధతిలో నేర్చుకున్నవాళ్లు ఈ విషయంలో ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. అదే ఏడాది సెప్టెంబర్ 30న రన్‌వే మీదికి వెళ్లి టేకాఫ్ అనుమతి కోసం ఆగమని చెప్పే "పొజిషన్ అండ్ హోల్డ్" అన్న మాట పోయి "లైనప్ అండ్ వెయిట్" వచ్చింది. హోల్డ్ షార్ట్ రీడ్‌బ్యాక్‌లో రన్‌వే నంబరు, మీ కాల్‌సైన్ (రేడియోలో విమానాన్ని పిలిచే పేరు) రెండూ ఉండాలి. వట్టి "రోజర్" చెల్లదు.

డయాగ్రమ్ ఎంత మంచిదైనా ఆరోజు పరిస్థితి దానికి తెలియదు. 2006 ఆగస్టు 27న అమెరికాలోని లెక్సింగ్టన్‌లో కొమెయిర్ 5191 విమానం రన్‌వే 22కి బదులు 26 మీద టేకాఫ్ మొదలుపెట్టింది. 22 పొడవు ఏడు వేల అడుగులు, 26 దానిలో సగం. విమానంలోని 50 మందిలో 49 మంది చనిపోయారు. నిర్మాణ పనులతో ట్యాక్సీవేలు మారాయి, సిబ్బంది దగ్గరున్న చార్టులో ఆ మార్పు లేదు. అయినా అమెరికా ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ ప్రధాన కారణంగా చెప్పింది చార్టును కాదు, కళ్ల ముందున్న సూచనలను సిబ్బంది వాడుకోకపోవడాన్ని. రెండు రన్‌వేల దిశకి 40 డిగ్రీల తేడా ఉంది, దిక్సూచి వంక ఒక్క చూపు చూస్తే తెలిసిపోయేది. అందుకే హెడింగ్ బగ్‌ని (దిక్సూచి మీద కావలసిన దిశకి పెట్టుకునే గుర్తు) ముందే రన్‌వే దిశకి పెట్టి ఉంచి, రన్‌వే మీదికి తిరగగానే విమానం ముక్కు దానితో కలిసిందో లేదో చూడటం అలవాటు చేసుకోవాలి. డయాగ్రమ్ చూసే ముందు నోటమ్‌లు (పైలట్లకి ఇచ్చే తాజా ప్రకటనలు), ఏటిస్‌లో మూసేసిన ట్యాక్సీవేలు విని వాటిని పేజీ మీద అడ్డంగా కొట్టేయడం కూడా ఇందులో భాగమే.

ఇటలీలోని మిలాన్ లినాటే ఎయిర్‌పోర్టులో 2001 అక్టోబర్ 8న జరిగినది ఇంకో కోణం. దట్టమైన పొగమంచులో సెస్నా సిటేషన్ అనే చిన్న జెట్‌ని ఆర్5 ట్యాక్సీవే మీదుగా వెళ్లమన్నారు. అది ఆర్6 పట్టుకుని వాడకంలో ఉన్న రన్‌వే మీదికి వెళ్లి, టేకాఫ్ పరుగులో ఉన్న ఎండీ-87 ప్రయాణికుల విమానానికి అడ్డుపడింది. 118 మంది చనిపోయారు. దారిలో సిటేషన్ పైలట్ నేల మీద కనిపించిన ఎస్4 అన్న గుర్తు చదివి చెప్పాడు. ఆ గుర్తు అధికారిక చార్టుల్లోనే లేదు, కంట్రోలర్‌కి దాని అర్థం తెలియలేదు. పేజీలో లేని పేరు నేల మీద కనిపించినా, పేజీలో ఉన్న పేరు నేల మీద కనిపించకపోయినా, బ్రేక్ వేసి అడగాల్సిందే.

నేల మీది గుర్తులు ఎలా ఉంటాయో డయాగ్రమ్ నేర్పదు, అవి విడిగా తెలిసి ఉండాలి. హోల్డింగ్ పొజిషన్ అంటే ట్యాక్సీవేకి అడ్డంగా నాలుగు పసుపు గీతలు. రెండు తెగకుండా, రెండు తునకలుగా. తెగని గీతలు మీ వైపున ఉంటే అనుమతి లేకుండా దాటకూడదు. తునకలు మీ వైపున ఉంటే మీరు రన్‌వే నుంచి బయటికొస్తున్నట్టు. చాలా చోట్ల ఆ గీతకి 150 అడుగుల ముందు నుంచే మధ్య గీతకి రెండు పక్కలా పసుపు తునకలు మొదలవుతాయి. అవి కనబడగానే చేతిలో పని ఏదైనా ఆపి తల పైకెత్తాలి. ఎర్ర బోర్డు మీద తెల్ల అంకెలు రన్‌వే. 15-33 అని ఉంటే 15 మొదలయ్యే చివర ఎడమ వైపు. నల్ల బోర్డు మీద పసుపు అక్షరం మీరు ఇప్పుడున్న చోటు. పసుపు బోర్డు మీద నల్ల అక్షరం ఎటు తిరగాలో చెప్పేది. నేలలో పొదిగిన ఎర్ర దీపాలు వెలుగుతుంటే, దాటమని క్లియరెన్స్ ఉన్నా ఆగి టవర్‌ని అడగాలి. అవి ఆరిపోతే అది అనుమతి కాదు.

ఇక ట్యాబ్లెట్. డయాగ్రమ్ మీద మీ విమానం గుర్తు కదులుతూ కనిపించడం నిజంగా గొప్ప సౌకర్యం, ముఖ్యంగా రాత్రిపూట. ఫోర్‌ఫ్లైట్ రన్‌వే దగ్గరికి వచ్చినప్పుడు తెర మీదా, శబ్దంతోనూ హెచ్చరిస్తుంది. గార్మిన్ ప్యానెల్‌లోని సేఫ్‌ట్యాక్సీ బొమ్మల డేటా 56 రోజులకోసారి మారుతుంది, అప్‌డేట్ చేయడం మర్చిపోతే పాత పటమే చూస్తారు. అయితే కొన్ని సంగతులు కొనేటప్పుడు ఎవరూ గట్టిగా చెప్పరు. వైఫై మాత్రమే ఉన్న ఐప్యాడ్‌లో జీపీఎస్ ఉండదు, బయటి రిసీవర్ జతచేయాలి. విమానం ఆగి ఉన్నప్పుడు జీపీఎస్‌కి దిశ తెలియదు, గుర్తు ఎటో తిరిగి కూర్చుంటుంది. కూడలి దగ్గర ఆగి "ఎడమా కుడా" అని తెరను అడిగితే అది తప్పు చెప్పే సమయం సరిగ్గా అదే. బ్లూటూత్‌తో హెడ్‌సెట్‌కి కలపకపోతే శబ్దపు హెచ్చరిక ఇంజిన్ మోతలో కలిసిపోతుంది. ఎండలో వేడెక్కి తెర ఆరిపోవడం కూడా మామూలే.

అన్నిటికంటే పెద్ద పరిమితి వేరే ఉంది. మీరు ఎక్కడున్నారో మ్యాప్‌కి తెలుసు, ఎక్కడిదాకా అనుమతి ఉందో తెలియదు. హోల్డ్ షార్ట్ అన్న మాటను అది వినలేదు. సింగిల్ పైలట్ తెర చూస్తూ ట్యాక్సీ చేస్తే ఎర్ర బోర్డు కిటికీ పక్క నుంచి దాటిపోతుంది. తెర చూడాలంటే ఆగి చూడాలి. కదులుతున్నంతసేపూ చూపు బయటే. ఈ కారణంగా ట్యాబ్లెట్ మ్యాప్‌కి ఐదుకి మూడున్నర, డయాగ్రమ్‌కి హాట్‌స్పాట్ వివరణ జతచేసి చదివితే నాలుగున్నర.

ఫ్రమ్ ద ఫ్లైట్ డెక్ పేరుతో ఎఫ్‌ఏఏ ఇచ్చే ఉచిత వీడియోలు మూడో స్థానంలో ఉంటాయి. కాక్‌పిట్ కెమెరాలతో ఆయా ఎయిర్‌పోర్టుల హాట్‌స్పాట్‌లు చూపిస్తాయి. పేజీలో గీతగా కనిపించిన మలుపు అద్దంలోంచి ఎలా ఉంటుందో వీటిలోనే తెలుస్తుంది. మీరు వెళ్లే ఎయిర్‌పోర్టుకి వీడియో ఉంటే తప్పక చూడండి. తీసిన తర్వాత జరిగిన మార్పులు అందులో ఉండవు.

ఈ మూడూ సరిగా పట్టించుకోని చోటు ఒకటుంది, ల్యాండింగ్ అయిన వెంటనే. రన్‌వే వదిలి ఎగ్జిట్‌లోకి తిరగగానే ఫ్లాప్స్ ఎత్తడం, రేడియో మార్చడం మొదలుపెడతారు. సమాంతర రన్‌వేలున్న చోట ఆ ఎగ్జిట్ నేరుగా రెండో రన్‌వే మీదికే వెళ్లొచ్చు. తోకతో సహా మొత్తం విమానం హోల్డ్ లైన్ దాటితే గానీ మొదటి రన్‌వే ఖాళీ అయినట్టు కాదు. అలాగని ముందుకెళ్తే రెండోదాని తెగని గీతలు తగులుతాయి. ఈ ఇరుకు ఎంతుందో డయాగ్రమ్ మీద ముందే చూసి పెట్టుకోవాలి. విమానం పూర్తిగా ఆగాకే చెక్‌లిస్ట్ తీయాలి. టవర్ చెప్పకుండా గ్రౌండ్ ఫ్రీక్వెన్సీకి మారకూడదు.

వీటన్నిటికీ పైన ఇంకో ఉచిత సేవ ఉంది, ప్రోగ్రెసివ్ ట్యాక్సీ. మొదటి కాల్‌లోనే "అన్‌ఫెమిలియర్, రిక్వెస్ట్ ప్రోగ్రెసివ్ ట్యాక్సీ" అంటే కంట్రోలర్ ఒక్కో మలుపూ విడిగా చెప్తాడు. రద్దీ వేళల్లో కాసేపు ఆగమనొచ్చు, అంతకు మించి నష్టం లేదు. దారి తప్పామనిపిస్తే ట్యాక్సీవే మీదే ఆగి, కనిపించే బోర్డు చదివి చెప్పాలి. రన్‌వే మీదికి వచ్చేశామేమో అన్న అనుమానం వస్తే మాత్రం అక్కడ ఆగకూడదు. టవర్‌కి వెంటనే చెప్తూనే దగ్గరున్న ట్యాక్సీవేలోకి బయటపడాలి.